మిల్లు గేజీతో కారు బుష్ కొలిచాను

మాడ్గులపల్లి టోల్ గేటు దగ్గర ఆ చప్పుడు మొదటిసారి విన్నాను. ముందున్న వడ్ల లారీ కదిలింది, నేను బ్రేకు మీంచి కాలు తీశాను, కింద ఎక్కడో ‘టక్’ మంది. సుత్తితో ఒక్క దెబ్బ వేసి ఊరుకున్నట్టు. గేటు లేచింది, నేనూ పట్టించుకోలేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే గేటు, అదే టక్. ఇంటి ముందు గోడ పక్కన పెట్టడానికి డి నుంచి ఆర్‌లోకి వేస్తే ఒక టక్, ఆర్ నుంచి డిలోకి వేస్తే ఇంకోటి. అప్పుడు భయం పట్టుకుంది.

నాది 2016 పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజన్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే గేర్లు వాటంతటవే మార్చుకునే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్. 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏడాది తర్వాత ఆశ ఆగక రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి బలం పెంచడం) చేయించాను, టార్క్ 200 దాటింది. ఇల్లు నల్గొండ, ఉద్యోగం మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూడటం. రానుపోను ఎనభై కిలోమీటర్ల దాకా అవుతుంది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే నాలుగు వరుసల రోడ్డు అది. కోతల కాలంలో ఒక వరుస వడ్లు ఆరబోసుకునే వాళ్లది, మిగిలింది మనది. అంటే వేగంగా పోవడం, ఉన్నట్టుండి బ్రేకు కొట్టడం, మళ్లీ లాగడం, రోజూ ఇదే పని. కారు భాగాల మధ్య కుదుపు ఆపే రబ్బరు బుష్‌లకు ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

చప్పుడు వినగానే నాకు తోచింది గేర్‌బాక్సే. ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీకి ఉన్న చెడ్డపేరు పోలో కొన్న ప్రతివాడికీ తెలుసు. రాత్రిళ్లు ఫోన్‌లో ‘మెకాట్రానిక్’ (డీఎస్‌జీలో గేర్లు మార్పించే యూనిట్) అన్న మాట వెతుక్కుంటూ నిద్ర పాడుచేసుకున్నాను. సెలవు పెట్టి హైదరాబాద్‌లో ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. పేరెందుకు లెండి. ల్యాప్‌టాప్ తగిలించి అరగంట చూశారు. ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదన్నారు. లేదని చెబుతూనే మెకాట్రానిక్ యూనిట్ మార్చాల్సి రావచ్చు, రెండు లక్షల పైన అవుతుందన్నారు. కోడే లేనప్పుడు ఆ మాట దేన్ని చూసి అన్నారని అడగాల్సింది. టెన్షన్‌లో అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని చౌటుప్పల్ దాకా ఏసీ కూడా వేయకుండా వచ్చాను. ఏసీ ఆపితే గేర్‌బాక్స్ బాగుపడుతుందన్నట్టు.

దేవరకొండ రోడ్డులో చాచా షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, జీపులు, అంబాసిడర్లు చేసిన చేయి. కంప్యూటర్ బండ్లు తన పని కాదంటాడు గానీ, ఏ బండి వచ్చినా ముందు వింటాడు. నేను డీఎస్‌జీ, మెకాట్రానిక్ అంటూ మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

“గవన్నీ తర్వాత బేటా. బానెట్ ఎత్తు.”

వెనక చక్రాలకు రెండు రాళ్లు పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగమన్నాడు. తను పక్కకు నిలబడి, కారు ముందు ఎవరూ లేకుండా చూసుకుని, డిలో వేసి బ్రేకు కొంచెం వదలమన్నాడు. “కొంచెమే. ఇది క్లచ్ బండి, ఎక్కువసేపు పడితే కాలుతది.” కారు ముందుకు పోదామని హ్యాండ్ బ్రేకు మీద ఒత్తుకుంది. ఆర్‌లో వేసి అలాగే చేశాను. మూడోసారికి నన్ను దిగి చూడమని, సీట్లో తన కొడుకును కూర్చోబెట్టాడు. డిలో ఇంజన్ మొత్తం వెనక్కి ఒరిగింది, ఆర్‌లో ముందుకు లేచి వచ్చింది. మధ్యలో ఆ టక్. ఊగడం ఎంతంటే, ఎయిర్ ఫిల్టర్ పైపు ముడత పడి విప్పుకోవడం కంటికి కనిపించింది.

“గేర్ డబ్బా బాగనే ఉంది. పట్టుకునే చెయ్యి పోయింది” అన్నాడు చాచా.

కింద దూరి టామీ రాడ్డు పెట్టి కదిలించాడు. డాగ్ బోన్ అనే ముక్క అది. పేరుకు తగ్గట్టు రెండు చివర్లూ గుండ్రంగా, మధ్యలో కట్టె, అచ్చం బొక్కే. దాని పెద్ద బుష్‌లో రబ్బరు సగం దాకా చిరిగింది. ఆ చీలికలోకి నా బొటనవేలు గోరు దాకా పోయింది.

ఈ కారులో ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి మూడు చోట్ల పట్టుకుని ఉంటాయి. కుడివైపు ఇంజన్ మౌంటింగ్, ఎడమవైపు బ్యాటరీ కింద గేర్‌బాక్స్ మౌంటింగ్. బరువంతా ఈ రెండింటి మీదే, ఉయ్యాల మీద ఉన్నట్టు. ఆ ఉయ్యాల ముందుకీ వెనక్కీ ఊగకుండా కింద నుంచి డాగ్ బోన్ ఆపుతుంది. అది బరువు మోయదు, తిప్పుడును మాత్రమే ఆపుతుంది. మోసేది వేరు, ఆపేది వేరు. ఈ తేడా నాకు అప్పుడే ఒంటబట్టి ఉంటే తర్వాత పెట్టిన ఖర్చు మిగిలేది.

175 న్యూటన్ మీటర్లే కదా, అంత రబ్బరు చిరగడమేంటని అనిపించింది. లెక్క వేసుకుంటే అర్థమైంది. ఇంజన్‌లో 175 అయినా, మొదటి గేర్, దాని తర్వాత ఉండే చివరి గేర్ల జత (ఫైనల్ డ్రైవ్) కలిసి దాన్ని పన్నెండు రెట్లకు పైగా పెంచి చక్రాలకు ఇస్తాయి. యాక్సిల్ దగ్గర రెండు వేలు దాటుతుంది. ముందు చక్రాల బండిలో ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకటే ముద్ద కాబట్టి, చక్రాన్ని ఎంత బలంతో ముందుకు తిప్పితే ఆ ముద్ద అంత బలంతో వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది అరచేతిలో పట్టే రబ్బరు ముక్క. దాని మీద నా రీమ్యాప్ ఒకటి.

ఇక్కడే నా తప్పు మొదలైంది. చాచా చెప్పింది సూటిగా ఉంది: కంపెనీది కొత్త డాగ్ బోన్ వేసుకో, పైన రెండూ చూసి అవసరమైతే మార్చుకో. నేను వినలేదు. కంపెనీ రబ్బరు మళ్లీ చిరుగుతుంది కదా, గట్టిది వేస్తే ఒకేసారి పీడ పోతుందనుకున్నాను. ఆన్‌లైన్‌లో పాలీయురేథేన్ (రబ్బరు బదులు వాడే గట్టి ప్లాస్టిక్) సెట్టు ఒకటి కనిపించింది: ఇంజన్ మౌంటింగ్, గేర్‌బాక్స్ మౌంటింగ్, డాగ్ బోన్ బుష్ మూడూ కలిపి. గట్టిదనం 80 షోర్ ఏ (రబ్బరు గట్టిదనం చెప్పే కొలమానం) అని రాసి ఉంది, ధర కంపెనీ మౌంటింగుల కన్నా తక్కువ. ఎర్ర రంగు. బానెట్ కింద ఎర్ర రంగు కనిపిస్తే ఎంత బాగుంటుందో అని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

చాచా సెట్టును చేతిలో తిప్పి చూసి, గోరుతో గిల్లి, నేల మీద ఒకసారి కొట్టాడు. “లారీకి మంచిగుంటది” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఎత్తి, ఒక్కో మౌంటింగ్ విప్పి మూడు గంటల్లో బిగించాడు. కొత్త బోల్టులు నేనే తెచ్చుకున్నాను. ఈ కారులో మౌంటింగ్ బోల్టులు మామూలువి కావు. ముందు టార్క్ రెంచ్‌తో చెప్పినంత బిగించి, ఆ పైన 90 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు బోల్టు కాస్త సాగుతుంది. అందుకే ఒకసారి విప్పినవి మళ్లీ వేయకూడదు.

స్టార్ట్ చేశాను.

ఏం చెప్పమంటారు. ముందు అద్దంలో వెనక ఉన్న వేపచెట్టు రెండుగా కనిపించింది. స్టీరింగ్ పట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంటోంది. డాష్‌బోర్డులో ఎక్కడో ప్లాస్టిక్ తుమ్మెదలా పాడుతోంది. ఏసీ వేస్తే తలుపు జేబులో ఉన్న చిల్లర మోగింది. నడిపితే మాత్రం, నిజం చెప్పాలి, అద్భుతం. గేరు మారడం తెలిసీ తెలియనట్టు, కాలు పెట్టగానే మధ్యలో సాగుడు లేకుండా కారు లేచింది. టక్ అన్న మాటే లేదు. మర్రిగూడ బైపాస్ దాకా పోయి వచ్చి నన్ను నేను మెచ్చుకున్నాను. కొన్నాళ్లకు మెత్తబడుతుంది, కొత్తలో ఇంతే అని సర్దిచెప్పుకున్నాను.

మెత్తబడలేదు. మే నెల వచ్చింది. నల్గొండ ఎండ గురించి నల్గొండ వాళ్లకు చెప్పక్కర్లేదు, 44, 45 డిగ్రీలు చూస్తూనే ఉంటాం. ఏసీ లేకుండా గడియారం సెంటర్ సిగ్నల్ దగ్గర నిలబడలేం. ఏసీ వేస్తే కంప్రెసర్ భారం ఇంజన్ మీద పడి వణుకు ఇంకా పెరుగుతుంది. అమ్మను హాలియాలో పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఊరు దాటకముందే మొదలుపెట్టింది.

“ఏం రా, గిర్నీల కూసున్నట్టున్నది. పిండి పడుతున్నవా?”

ఇంజన్ గట్టిగా పట్టుకోవడానికి అలా పెట్టానని చెప్పాను. “గట్టిగ పట్టుకుంటె మంచిదే గని, నా నడుం పట్టుకుంటున్నదిరా” అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కింది. నేను ఖాళీ కారులో ఒక్కడినే బస్సు వెనకే వచ్చాను.

ఆ రాత్రి నాన్న ఒక పాత సంగతి గుర్తు చేశాడు. మా బావి దగ్గర ఆయిల్ ఇంజన్ ఉండేది, అయిదు హెచ్‌పీ. మొదట దాన్ని సిమెంటు దిమ్మెకు నేరుగా బోల్టులతో బిగించారట. ఒక్క సీజన్‌లో దిమ్మె పగిలింది. తర్వాత మధ్యలో మద్ది చెక్క దుంగలు రెండు వేసి, దుంగలకు ఇంజన్ బిగించారు. ఆ దుంగలు నాకు తెలుసు, నూనె తాగి నల్లగా ఉండేవి, వాటి మీద కూర్చుని బుగ్గలు నిండా పల్లీలు తినేవాణ్ని. “దడ ఏడికన్న పోవాలె కదరా. చెక్కకన్న పోవాలె, దిమ్మెకన్న పోవాలె” అన్నాడు నాన్న. నా కారులో చెక్క దుంగలు తీసేసి నేను దిమ్మె పోశాను.

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకు రెండుసార్లు మండుతుంది. ఐడ్లింగ్‌లో, అంటే కారు నిలబడి ఇంజన్ నడుస్తున్నప్పుడు, 750 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అనుకుంటే సెకనుకు 25 దెబ్బలు. కంపెనీ మౌంటింగ్ ఈ 25 దెబ్బలను మింగడానికే మెత్తగా ఉంటుంది. నా కారు కుడివైపు మౌంటింగ్‌లో రబ్బరే కాదు, లోపల ద్రవం కూడా ఉంది. చిన్న వణుక్కి మెత్తగా, పెద్ద కుదుపుకి గట్టిగా ఉండటానికి ఆ ద్రవం సన్నని దారిలోంచి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పారుతుంది. అంత తెలివైన వస్తువును తీసి నేను ఎర్ర ప్లాస్టిక్ ముద్ద పెట్టుకున్నాను. ఇంకా నయం, నాది నాలుగు సిలిండర్లు. 2020లో వచ్చిన 1.0 లీటర్ టీఎస్ఐ మూడు సిలిండర్లది. అదే వేగంలో దాని దెబ్బలు సెకనుకు 19 కూడా ఉండవు, వణుకు ఇంకా మోటుగా వస్తుంది. ఆ కారు ఉన్నవాళ్లు ఈ మౌంటింగుల జోలికి వెళ్లేముందు నా మాట గుర్తుపెట్టుకోండి.

80 అంటే ఇంత గట్టిగా ఉంటుందా అన్న అనుమానం మాత్రం పోలేదు. సమాధానం మా మిల్లులోనే దొరికింది. వడ్ల మీద పొట్టు తీసే షెల్లర్‌లో రెండు రబ్బరు రోల్స్ ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వాటి మధ్య నలిగి పొట్టు ఊడుతుంది. రోల్ మెత్తగా ఉంటే తొందరగా అరుగుతుంది, మరీ గట్టిగా ఉంటే బియ్యం విరుగుతుంది. అందుకే కొత్త లోడు రాగానే మా ఆపరేటర్ అన్న చిన్న గడియారంలాంటి గేజీ తీసి రోల్ మీద ఒత్తి చూస్తాడు. కింద సన్నని ములుకు, పైన సున్నా నుంచి వంద దాకా ముల్లు. రోల్స్ 88, 90 దగ్గర చూపిస్తాయి. ఏళ్లుగా ఆ బిల్లులు రాస్తున్నాను, బిల్లు మీద ‘షోర్ ఏ’ అని ఉంటుందని తెలుసు. నా కారుకూ దానికీ సంబంధం ఉందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

సెట్టుతో పాటు వచ్చిన ఒక ముక్క మిగిలింది, దాన్ని జేబులో వేసుకుని వెళ్లాను. ఆపరేటర్ అన్న దాన్ని బల్ల మీద పెట్టి, సమంగా ఉన్న చోట, మందం బాగా ఉన్న చోట చూసి ఒత్తాడు. పలచగా ఉన్నచోట ఒత్తితే కింద బల్ల గట్టిదనం కూడా కలిసి తప్పు చూపిస్తుందట. ముల్లు 92 దగ్గర ఆగింది. ఇంకో రెండు చోట్ల చూశాడు, 91, 92.

“ఇది బండిదా? మన రోల్ కన్న గట్టిగున్నదే” అని నవ్వాడు.

80 అని అమ్మినది 92. అమ్మినవాడికి ఫోటో పంపాను, జవాబు రాలేదు. అదే గేజీతో చిరిగిన కంపెనీ బుష్ చూస్తే 60కి కాస్త పైన, అదీ పాతబడి గట్టిపడిన రబ్బరు. తర్వాత కొన్న కొత్త కంపెనీ డాగ్ బోన్‌ను కూడా వదల్లేదు, 54 చూపించింది. ఇంజన్ వైపు నుంచి చూస్తే 54కీ 92కీ మధ్య ఉన్నది మెత్తటి పరుపుకీ గచ్చుకీ ఉన్న తేడా. పేరున్న కంపెనీలు రంగులు పెట్టి అమ్మేది ఇందుకే. పవర్‌ఫ్లెక్స్ వాళ్ల పసుపుది 70, ఊదాది 80, రేసింగ్ కోసం చేసే నల్లది 95. నేను డబ్బు మిగిలిందనుకుని రేసు కారు మౌంటింగులు వేసుకుని వడ్ల లారీల వెనక పోతున్నాను. అయితే అంకె ఒక్కటే చూసి కొనకూడదని కూడా అప్పుడే తెలిసింది. అదే 80 ముక్కను నిండుగా పోస్తే ఒక తీరు, మధ్యలో ఖాళీలు వదిలి పోస్తే ఇంకో తీరు. ఆ ఖాళీల ఆకారమే సగం పని చేస్తుంది.

జూన్‌లో మొదటి వాన పడ్డాక చాచా దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఎర్ర సెట్టు విప్పెయ్ చాచా అన్నాను. ‘చెప్తే విన్నవా’ అంటాడేమో అనుకున్నాను, అనలేదు. టీ తెప్పించాడు.

ఈసారి పైన రెండూ కంపెనీవే, కొత్తవి. పాత కుడివైపు మౌంటింగ్‌ను శుభ్రంగా తుడిచి చూస్తే కింద నల్లటి జిడ్డు కారి ఉంది, లోపలి ద్రవం ఎప్పుడో కారిపోయింది. చప్పుడుకు డాగ్ బోన్ ఒక్కటే కారణం కాదన్నమాట. ఇంజన్ ఓ వేలు మందం కిందికి దిగిపోయి, డాగ్ బోన్ అదనంగా లాగుకుంటూ పనిచేసింది. కింద డాగ్ బోన్ కూడా కొత్తది, కంపెనీది. అయితే దాని పెద్ద బుష్‌లో ఖాళీలుంటాయి, ఆ ఖాళీల్లోకి ఇరికించే పాలీయురేథేన్ ముక్క విడిగా దొరుకుతుంది. హైదరాబాద్ ఆటోనగర్‌లో ఒక షాపతని ద్వారా తెప్పించాను. 70 గట్టిదనం. డబ్బులిచ్చే ముందు గేజీ తీసి ఒత్తాను. 71. షాపతను నన్ను ఇన్‌స్పెక్టర్‌ను చూసినట్టు చూశాడు.

ముందు ఆ ముక్క లేకుండా వారం నడిపాను. టక్ పోయింది, వణుకు పోయింది, కారు కొత్తదైంది. రీమ్యాప్ లేని వాళ్లకు ఇంతే చాలు, ఇక చదవడం ఆపేసినా నష్టం లేదు. నాకు మాత్రం మూడు వేల ఆర్‌పీఎం దగ్గర కాలు తీసి మళ్లీ తొక్కితే ఆ సాగుడు కొంచెం మిగిలింది. ముక్క ఇరికించాక అదీ తగ్గింది. ఐడ్లింగ్‌లో వణుకు కాస్త పెరిగింది, సీటులో కాదు, స్టీరింగ్‌లో, పట్టించుకుంటేనే తెలిసేంత. ఆపే చోట గట్టిది, మోసే చోట మెత్తది. చాచా మొదటి రోజే చెప్పకనే చెప్పింది ఇదే.

ఇంజన్ కుదురుకున్నాక అసలు సంగతి బయటపడింది. గట్టిగా బ్రేకు కొడితే కారు ముక్కు ఎడమకు ఓ జానెడు జరుగుతోంది. ఇంతకాలం అన్ని చప్పుళ్ల మధ్య ఇది తెలియలేదు. జాకీ ఎత్తి చూస్తే లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కారు అడుగుకు కలిపే చెయ్యి) వెనక బుష్‌లు రెండూ పోయాయి, ఎడమది ఎక్కువ. ఆ వైపు టైరు లోపలి అంచు నున్నగా అరిగింది. వేములపల్లి దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది, రంగు వేయరు, రాత్రి కనపడదు. నా ఎడమ బుష్ అక్కడే పోయిందని నా నమ్మకం, రుజువు లేదు.

ఇక్కడ పాలీయురేథేన్ వేసుకున్నాను, ఆలోచించే. మౌంటింగ్‌కూ దీనికీ తేడా ఏంటంటే, ఈ బుష్ పని ఇంజన్ వణుకు మింగడం కాదు, బ్రేకు కొట్టినప్పుడు చక్రం వెనక్కి జరగకుండా పట్టుకోవడం. 80 గట్టిదనం ఉన్నది తీసుకున్నాను, గేజీ 81 చూపించింది. కంపెనీ బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరే మెలి తిరుగుతుంది. పాలీయురేథేన్ మెలి తిరగదు, లోపలి గొట్టం మీద జారుతుంది. అందుకే గ్రీజు లేకపోతే కీచుమంటుంది. ఇంట్లో తలుపు కీలు చేసే చప్పుడే, కాకపోతే గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో.

బుష్ మార్చడానికి ప్రెస్ కావాలి. చాచా షెడ్డు వెనక ట్రాక్టర్ల లేత్ షాపులో ఉంది. పాత బుష్‌ను ప్రెస్ కింద పెట్టి పంపు కొడుతుంటే కాసేపు ఏమీ కాలేదు, తర్వాత తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడుతో ఊడి కింద పడింది. ప్రెస్ అబ్బాయి కొత్త బుష్‌ను ఎటు పడితే అటు పెట్టబోయాడు. చాచా చెయ్యి పట్టుకుని ఆపి, ఆర్మ్ మీద సుద్దముక్కతో గీత గీశాడు. బుష్ మీద ఒక గుర్తు ఉంటుంది, అది ఆర్మ్‌కు ఇటే ఉండాలి, తిరిగితే ఖాళీలు పక్కకు పోయి పని తప్పుతుందని చెప్పాడు. కంప్యూటర్ బండ్లు తన పని కాదన్న మనిషి.

ముందు వైపు చిన్న బుష్‌లు కంపెనీ రబ్బరువే కొత్తవి వేశాం. వాటి బోల్టు బిగించే పద్ధతి మాత్రం ఎవరు చేసినా పక్కన నిలబడి చూడండి. కారు జాకీ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే అతుక్కుంటుంది. కారు కిందికి దించగానే మెలి తిరిగి, రోజంతా మెలి మీదే ఉండి కొన్ని నెలల్లో చిరుగుతుంది. కారు నాలుగు చక్రాల మీద తన బరువుతో నిలబడ్డాకే ఆ బోల్టు చివరిసారి బిగించాలి. చాచా షెడ్డులో గుంట ఉంది కాబట్టి కిందికి దిగి బిగించాడు. గుంట లేని చోట ర్యాంపు మీద ఎక్కించి చేయాలి, చాలామంది చేయరు.

స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు రెండు, లింకులు రెండు కూడా మార్చాను. అన్నిటికన్నా తక్కువ ఖర్చు ఇదే, మలుపుల్లో తేడా అన్నిటికన్నా ఎక్కువ తెలిసింది కూడా ఇక్కడే. వెనక బీమ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే దూలం) బుష్‌ల జోలికి పోలేదు. అవి గట్టిపడితే వెనక సీటులో కూర్చునే వాళ్లకు ప్రతి గుంత లెక్క తెలుస్తుంది. నా వెనక సీటులో కూర్చునేది ఎవరో తెలుసు కదా.

చివర్లో చక్రాల అలైన్‌మెంట్. ఆర్మ్ విప్పాక అది చేయించకపోతే కొత్త బుష్ పెట్టినా టైరు పాతలాగే అరుగుతుంది. అయిదు వందల కిలోమీటర్ల తర్వాత చాచా అన్ని బోల్టుల మీద ముందే పెట్టిన పసుపు రంగు గీతలు చూశాడు. గీత తప్పితే బోల్టు తిరిగినట్టు. ఏదీ తిరగలేదు.

జులైలో అమ్మతో హాలియా వెళ్లి, అక్కడి నుంచి నాగార్జునసాగర్ దాకా పోయాం. మలుపుల్లో కారు నేను చెప్పిన చోటికి పోతోంది, బ్రేకు కొడితే సూటిగా ఆగుతోంది. అమ్మ దారిలో సగం నిద్రపోయింది. డ్యామ్ దగ్గర ఆగినప్పుడు కారు దిగుతూ, “ఆ గిర్నీ అమ్మేసినవా?” అంది.

అమ్మలేదు. ఎర్ర మౌంటింగులు చాచా షెడ్డులో ఉన్నాయి. ఆయన గాలి కంప్రెసర్ నడుస్తుంటే దడకు జరిగి జరిగి గోడ దాకా పోయేది, రోజూ పొద్దున లాక్కొచ్చి పెట్టుకునేవాడు. ఇప్పుడు దాని నాలుగు కాళ్ల కింద ఆ ఎర్ర ముక్కలున్నాయి, రెండు కోసి నాలుగు చేశాడు. కంప్రెసర్ ఉన్నచోటే ఉంటోంది.

ఎడమ ఆర్మ్ బుష్ మాత్రం చలికాలం వచ్చినప్పటి నుంచి పొద్దున మొదటి రెండు స్పీడ్ బ్రేకర్ల మీద కీచుమంటోంది, తర్వాత ఆగిపోతోంది. గ్రీజు పెట్టాలి. చాచా సంక్రాంతి దాటాక రమ్మన్నాడు.